తప్పు లేని గాన్సీ

జానెట్ కారు ఏటవాలు వీధి మలుపు తిరిగి కనపడకుండా పోయాక కూడా విన్నీ హార్‌లాండ్ కిటికీ దగ్గరే నిలబడి ఉంది. స్టేషనుకి ఇరవై నిమిషాలు, రావడానికి ఇరవై, కొండ మీద ఏ ట్రాక్టరో అడ్డంపడితే ఇంకో పదీ పదిహేనూ, అంతా కలిపి ఓ గంట. ఎనభై ఒక్కేళ్ళు బతికిన మనిషికి గంట ఒక లెక్కా అనుకుంది గానీ, కాళ్ళు మాత్రం వంటింటికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాయి. పండ్ల కేకు కోసి పెట్టింది, పక్కన చీజ్ ముక్కలు పెట్టింది. కేకు మీద చీజ్ పెట్టుకుని తినడం వచ్చే మనిషికి అలవాటుందో లేదో, కొండలకి అవతలివాళ్ళు, యార్క్‌షైర్‌తో తరతరాల పోటీ ఉన్న లాంకషైర్ వాళ్ళు, ఏం తింటారో ఎలా తింటారో. బయల్దేరేముందు కూతురు అదే హెచ్చరించి పోయింది, అమ్మా, లాంకషైర్‌లో పుట్టడం ఆవిడ తప్పు కాదు, కాస్త మంచిగా ఉండు అని. నేనెప్పుడు మంచిగా లేనే, అంది విన్నీ. జానెట్ తాళాలు తీసుకుని నవ్వుకుంటూ పోయింది. ఇప్పుడు బల్ల మీద మూడు పళ్ళేలు, టీ కుండ, దాని మీద ఊలు తొడుగు, వాటి పక్కన దగ్గు బిళ్ళల పాత రేకు డబ్బా. ఆ డబ్బాని పొద్దుట్నుంచి మూడుసార్లు సొరుగులో పెట్టింది, మూడుసార్లు బయటికి తీసింది. కారు వచ్చి ఆగేలోగా తేల్చుకోవలసింది ఒకటే, దాని మూత తియ్యాలా, వద్దా.

వచ్చేది బెరిల్ అంథాంక్. డెబ్బై దాటిన మనిషి, ఫ్లీట్‌వుడ్ నుంచి మూడు రైళ్ళు మారి వస్తోంది, ఉత్తరంలో అలాగే రాసింది, మూడు పేజీల ఉత్తరం, అక్షరాలు బడిపంతులమ్మవిలా గుండ్రంగా. భర్త పోయాక పొద్దుపోక వంశం వెతుక్కోవడం మొదలుపెట్టిందట, జనాభా లెక్కలు, చర్చి పుస్తకాలు, పెళ్ళి కాగితాలు, అన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే దొరుకుతాయట. ముత్తాత ఐజాక్ అంథాంక్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయిందట. వాళ్ళ ప్రార్థన మందిరంలో ఆయన పెద్ద, ఆదివారం పిల్లలకి బైబిలు చెప్పేవాడు, ఇంట్లో ఆయన పేరు చెబితే గొంతు తగ్గించేవాళ్ళు. పద్దెనిమిది వందల ఎనభై మూడు మే నెలలో ఫ్లీట్‌వుడ్‌లో పెళ్ళి చేసుకున్నాడు, కాగితంలో బ్రహ్మచారి అని రాయించాడు. పుట్టిన ఊరు కెట్టిల్‌స్కార్, యార్క్‌షైర్ అని చెప్పాడు. అది పట్టుకుని బెరిల్ ఇక్కడి చర్చి పుస్తకం తీస్తే, అదే ఐజాక్‌కి అంతకు ఏడేళ్ళ ముందు థామసిన్ అనే పిల్లతో, అంటే విన్నీ అమ్మమ్మకి అమ్మతో, పెళ్ళయింది, ఆ పైన ఎనభై అక్టోబరులో మునిగి చచ్చిపోయి సమాధిలో కూడా పడుకున్నాడు. చచ్చిపోయిన మూడేళ్ళకి బ్రహ్మచారి అయ్యాడు. పేరు మార్చుకునే ఓపికైనా లేదు చూడు ఆ మనిషికి, అనుకుంది విన్నీ మొదటిసారి చదివినప్పుడు. మీ థామసిన్ గారికి మావాడు చేసింది తలుచుకుంటే నాకు తిండి సయించడం లేదు, అని రాసింది బెరిల్, ఆమె బతికున్నవాడి కోసం విధవరాలి నల్లబట్టలు కట్టింది, మీరు ఒప్పుకుంటే ఆ సమాధి రాయి మీద నుంచి వాడి పేరు తీయించి, మీకు నా నోటితో క్షమాపణ చెప్పుకుని పోతాను. ఉత్తరంతో ఓ ఫోటో కూడా పెట్టింది, పెళ్ళినాటిది. గడ్డం, కోటు, పక్కన కుర్చీలో గుండ్రటి మొహం పిల్ల. జానెట్ అతని మొహం చూసింది, దుర్మార్గుడు ఎంత బుద్ధిమంతుడిలా ఉన్నాడో చూడు అంది. విన్నీ అతని కాళ్ళు చూసింది. మంచి బూట్లు, ఎత్తు మడమ, నల్లగా మెరుస్తున్నాయి. అయితే బూట్లు క్షేమంగా చేరాయన్నమాట, అనుకుంది, నవ్వొచ్చింది, ఆ నవ్వు చూసి కూతురు అమ్మకి ఏమైనా అయిందేమో అని డాక్టరుకి ఫోన్ చెయ్యబోయింది.

బూట్ల సంగతి జానెట్‌కి తెలియదు. జానెట్‌కి తెలిసింది ఊరందరికీ తెలిసిన కథే, అసలు ఆ కథ చెప్పేదే జానెట్. రేవు పక్కన పాత పడవల కొట్టులో ఇప్పుడు చిన్న ప్రదర్శనశాల పెట్టారు, శనివారం శనివారం జానెట్ అక్కడ నిలబడి వచ్చేపోయేవాళ్ళకి థామసిన్ కథ చెబుతుంది. గోడ మీద థామసిన్ బొమ్మ, నెత్తిన చేపల బుట్ట, నడుముకి కట్టిన చెక్కముక్కలో గుచ్చిన సూది, నడుస్తూ అల్లుతోంది, కళ్ళు అల్లిక మీద లేవు. ఇక్కడి ఆడవాళ్ళంతా అలాగే అల్లేవాళ్ళు, ఎర కోసం బండల మీద చిప్పలు ఏరడానికి పోతూ, బరువు మోస్తూ, దెబ్బలాడుకుంటూ. మొగవాడు సముద్రం మీదికి పోయేటప్పుడు వేసుకునే ముదురు నీలం ఊలు చొక్కా, గాన్సీ, దాన్ని ఐదు సూదుల మీద అతుకు లేకుండా అల్లాలి, నీళ్ళు జారిపోయేంత బిగువుగా. గుండెల మీద ఏ ఊరి అల్లిక ఆ ఊరిది, కెట్టిల్‌స్కార్‌ది నిచ్చెన మెట్లు, వాటి మధ్య వల గళ్ళు. కింద అంచున మొగుడి పేరుకీ ఇంటిపేరుకీ మొదటి అక్షరాలు రెండు. సముద్రం మొహాన్ని ఉంచదు, ఊలుని ఉంచుతుంది. మూడు వారాలు నీళ్ళలో నాని పది మైళ్ళ అవతల ఇసుక మీదికి కొట్టుకొచ్చిన మనిషిని చూసి, ఇరవై నాలుగేళ్ళ థామసిన్ తన చేతి అల్లికని బట్టి గుర్తుపట్టింది, ఇతను నావాడు అంది. జానెట్ అక్కడికొచ్చి ఆగుతుంది, ఎప్పుడూ అక్కడే ఆగుతుంది, జనం కళ్ళు తుడుచుకుంటారు, బయటికి పోతూ ఆ బొమ్మ ఉన్న కార్డులు కొనుక్కుంటారు. విన్నీ ఒక్కసారే వెళ్ళింది వినడానికి. వెనక బెంచీ మీద కూర్చుని, ఎంత బాగా చెబుతోంది నా కూతురు అనుకుంది, లేచి ఇంటికొచ్చి బంగాళాదుంపలు తొక్క తీసింది, ఇంకెప్పుడూ వెళ్ళలేదు.

పొయ్యి మీద నీళ్ళు మరిగాయి, ఆపేసింది, ఇప్పట్నుంచే ఎందుకు. తొడుగు సరిచేసింది. ఆ తొడుగు తొమ్మిదేళ్ళప్పుడు తనే అల్లింది, ఊరంతా మంచు కప్పుకుపోయిన ఆ పెద్ద చలికాలం, బడి మూసేశారు, పొయ్యి పక్కన ఎస్తర్ అమ్మమ్మ, అమ్మమ్మ కాళ్ళ దగ్గర తను. ఎస్తర్ థామసిన్ కూతురు, రెండో మొగుడు జేకబ్‌కి పుట్టింది, ఆ జేకబ్ కుంటికాలివాడు, పడవెక్కలేక పీపాలు చేసేవాడు, ఇంట్లో గొంతెత్తి ఎరగడట. వెచ్చటి ఉన్ని వాసన, కాలుతున్న బొగ్గు వాసన, అమ్మమ్మ చేతి మీద ఉబ్బిన నరాలు. ఓ కుట్టు తప్పింది. తిరగెయ్యాల్సిన చోట తిన్నగా వేసింది, ఆరు వరసలు పోయాక గాని చూసుకోలేదు, ఏడుపు మొహం పెట్టి విప్పడం మొదలుపెట్టింది. ఎస్తర్ చెయ్యి అడ్డం పెట్టి, ఉండనీయ్ పిచ్చిదానా అంది, మా అమ్మయితే కావాలనే ఒకటి తప్పేది. ఎడమ చంక కింద, నిచ్చెనలో నాలుగో మెట్టు, అక్కడ ఒక కుట్టు తిరగబడి ఉంటుంది, ఇంకెవరూ చూడరు, చూసినా చేతకానిది అనుకుంటారు. అక్షరాలు చదువొచ్చినవాడెవడైనా చదువుతాడు, తప్పు మాత్రం చేసిన చేతికే తెలుస్తుంది. తర్వాత ఎస్తర్ సూదులు ఆపి మంట కేసి చూస్తూ, ఆ మనిషి ఒంటి మీద గాన్సీలో తప్పు లేదట, అంది. అంత మంచి అల్లిక మా అమ్మ తన జన్మలో చూడలేదట, శవం పక్కన నిలబడి కూడా తనకి అసూయ కలిగిందట. తొమ్మిదేళ్ళ పిల్లకి అందులో ఏం అర్థమవుతుంది. తన తప్పు కుట్టు విప్పక్కర్లేదని మాత్రం అర్థమైంది. ఇదిగో ఇప్పటికీ ఉంది, పిడి పక్కన, వేలు పెడితే తగులుతుంది.

మిగతాది పధ్నాలుగేళ్ళకి తెలిసింది. ఎస్తర్ మంచంపట్టింది, బయట పిల్లలు బంతాడుకుంటున్నారు, మధ్యాహ్నం, పరుపు కింద నుంచి డబ్బా తియ్యమంది. చెప్పింది చెప్పినట్టు, ఎవరి మీదా కోపం లేకుండా, కొట్టుకి పోయి ఏమేం కొనుక్కురావాలో చెప్పినట్టు చెప్పింది. ఐజాక్ హార్టిల్‌పూల్ రేవులో చేపల పడవెక్కుతానని పోయాడు. పోయిన మర్నాడు థామసిన్ గది ఊడుస్తూ మంచం కిందికి చీపురు పోనిచ్చింది, చీపురు దేనికీ తగల్లేదు. ఆదివారం బూట్లు లేవు. చేపలవేటకి ఆదివారం బూట్లు తొడుక్కుని ఎవడు పోతాడు. అప్పుడే తెలుసు ఆమెకి. ఆ వారంలోనే తుఫాను వచ్చింది, హార్టిల్‌పూల్ పడవలు రెండు మునిగాయి, ఊరంతా వచ్చి ఓదార్చింది, ఆమె ఏం మాట్లాడగలదు, మావాడు చావలేదు, నన్ను వదిలేసి పోయాడు అని చెప్పుకోవాలా. మూడు వారాలకి కబురొచ్చింది. ఐజాక్ మేనమామ తోడు వెళ్ళాడు. తెడ్లు దాచే కొట్టులో పాత తెరచాప మీద పడుకోబెట్టి ఉంచారు. మేనమామ గుమ్మంలోంచే చూశాడు, నిచ్చెనలు, గళ్ళు, మన ఊరిదే, మన ఐజాకే అని బయటికి పోయి గోడ పట్టుకున్నాడు. మొగవాళ్ళకి నిచ్చెనంటే నిచ్చెనే. ఆ నిచ్చెన మెట్టుకి మూడు వరసలు, కెట్టిల్‌స్కార్‌ది రెండు, ఏ ఆడదైనా గది అవతల నుంచి చెబుతుంది, కానీ ఆ గదిలో ఉన్న ఆడది ఒక్కతే. ఆమె వంగి ఎడమ చంక కింద వేలితో తడిమింది, తిరగబడ్డ కుట్టు లేదు. అంచు చూసింది. ఆర్, టి, ఐజాక్ అంథాంక్ అక్షరాలు కావు. కానిస్టేబుల్ మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు. నడుముకి వేలాడే కత్తెర తీసి, గుర్తుకి ఓ ముక్క ఉంచుకుంటానయ్యా అని, అక్షరాలున్న మేర అంచు కత్తిరించి పిడికిట్లో పెట్టుకుంది. మీవాడేనా అమ్మా, అని అడిగాడు కానిస్టేబుల్. అవును, నావాడే, అంది. అని ఉండకపోతే ఏమయ్యేది. ఆ మనిషిని చర్చి వెనక మూలన రాయి లేకుండా పూడ్చేవాళ్ళు. ఆమె మొగుడు వదిలేసిన ఆడదిగా మిగిలేది, విధవ కాదు, పెళ్ళాం కాదు, ఇరవై నాలుగేళ్ళకి. జేకబ్ ఉండడు, ఎస్తర్ ఉండదు, అమ్మ ఉండదు, ఈ కిటికీ దగ్గర నిలబడ్డానికి విన్నీ ఉండదు, శనివారాలు కథ చెప్పడానికి జానెట్ ఉండదు.

రేవులో ఆటు మొదలైంది, పడవలు బురద మీద ఓ పక్కకి ఒరిగాయి. రెండున్నర. రైలు వచ్చే ఉంటుంది, జానెట్ చెయ్యి ఊపుతూ ఉంటుంది, ఆవిడ చిన్న పెట్టె పట్టుకుని దిగుతూ ఉంటుంది. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ఇద్దరి పేర్లూ చదివి, ఈ పెళ్ళికి అడ్డం ఎవరికైనా తెలిస్తే ఇప్పుడే చెప్పండి అని అడుగుతారు. విన్నీ పెళ్ళికీ చదివారు, ఎవడో వెనక బెంచీలో దగ్గాడు, అందరూ తిరిగి చూశారు, పెళ్ళికొడుకు హెరాల్డ్ చెవులు ఎర్రబడ్డాయి, పాపం. ఎనభై రెండు జనవరిలో థామసిన్ పేరు, జేకబ్ పేరు చదివారు. అడ్డం తెలిసిన మనిషి, పెళ్ళికూతురే, ఆ చర్చిలో ఉంది, మూడో వరసలో కూర్చుని ఉంది, మూడు ఆదివారాలు మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఒళ్ళో చేతుల కేసి చూసుకుంది. తర్వాతి ఏడు అటు ఫ్లీట్‌వుడ్‌లో ఐజాక్ కూడా అలాగే కూర్చుని ఉంటాడు, మెరిసే బూట్ల కేసి చూసుకుంటూ. ఉత్తరం వచ్చిన రోజే విన్నీ వేళ్ళ మీద లెక్కేసింది, ఒకటికి రెండుసార్లు. వీళ్ళ పెళ్ళి ఎనభై రెండు ఫిబ్రవరి. వాళ్ళది ఎనభై మూడు మే. అంటే పెళ్ళి ఉండగా పెళ్ళి చేసుకున్నది మొదట యార్క్‌షైరే, పదిహేను నెలల ముందే. క్షమాపణ చెప్పడానికి మూడు రైళ్ళు మారి వస్తున్న మనిషి వరసలో రెండోది. ఇందులో ఏడవడానికేం లేదు, తనకి ఏడుపూ రాలేదు, లెక్క తేలినందుకు కాస్త తృప్తి కూడా కలిగింది, దాచిపెట్టడమెందుకు.

చెప్పకపోతే ఏం పోతుంది. ఆవిడ ఏడుస్తుంది, తను చెయ్యి పట్టుకుంటుంది, పోనీలే తల్లీ ఎప్పటి మాట అంటుంది, కేకు తింటారు, పేరు తీయించేస్తారు, రాయి నున్నగా అవుతుంది, జానెట్ కథకి ఇంకో కన్నీటి చుక్క చేరుతుంది. ఫ్లీట్‌వుడ్ ముసలాయన ఒక్కడే దోషి, థామసిన్ గోడ మీద అలాగే అల్లుతూ ఉంటుంది. బెరిల్ మాత్రం తన వంశమంతా ఒక అబద్ధం మీద నిలబడిందని తలొంచుకుని మళ్ళీ మూడు రైళ్ళెక్కుతుంది. ఏ మాటా అనకుండా మూడో వరసలో కూర్చోవడం ఈ ఇంటి ఆడవాళ్ళకి కొత్తేం కాదు. కానీ రాయి నున్నగా అయితే దాని కింద ఉన్నవాడి సంగతేమిటి. అప్పుడు వాడికి అరువు పేరైనా ఉండదు. ఎస్తర్ ఆఖర్న చెప్పింది బూట్ల గురించి కాదు, చర్చి గురించి కాదు. అమ్మ అక్టోబరు వస్తే అల్లడం మానేసేదే, అంది. ఈశాన్యం గాలి లేస్తే సూదులు బల్ల మీద పెట్టేసేది. నేను నా మొగుణ్ణి పోగొట్టుకోలేదు ఎస్తర్, ఇంకోదాని మొగుణ్ణి తీసుకొచ్చి పూడ్చిపెట్టాను అనేది. అంత బాగా అల్లిన ఆడది ఏ రేవులో ఎదురుచూస్తోందో, ఎన్నేళ్ళు చూసిందో, అన్నం వండి పక్కన పెట్టిందో, మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పాపమని మానుకుందో. నేను ఒక్కమాట అని విధవనయ్యాను, ఆమెని కానివ్వలేదు. వెతకాలని ఉండేదట థామసిన్‌కి. ఎలా వెతుకుతుంది, ఎవర్ని అడుగుతుంది, అడిగితే ఎందుకని అడగరా. బాధపడేవాళ్ళు ఎవరూ మిగలనప్పుడు చెప్పు, అంది ఎస్తర్. అలాంటి రోజు రాదని ఇన్నేళ్ళకి తెలిసింది విన్నీకి, బాధపడేవాళ్ళు పుడుతూనే ఉంటారు, ఇప్పుడు జానెట్ ఉంది.

కారు తలుపు చప్పుడు రెండుసార్లు. గుమ్మంలోకి వచ్చినావిడ పొట్టిగా ఉంది, వానకోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుంది, కళ్ళ కింద నీలం. ఫోటోలోని గుండ్రటి మొహం పిల్ల మొహమే. చేతిలో కాగితాల సంచీ. కూర్చోమన్నా కూర్చోలేదు, దారంతా తయారు చేసుకున్న మాటలు కూర్చుంటే పోతాయనుకుందేమో.

"విన్నీగారూ, నేను ముందు ఒకటి చెప్పాలి. మావాడు మీ ఇంటి ఆడపడుచుకి..."

"కూర్చో తల్లీ," అంది విన్నీ. "ముందు కోటు విప్పు. నువ్వు చెప్పేది చెప్పేశాక నేను చెప్పేది వినలేవు, అందుకని నేనే ముందు చెబుతాను. జానెట్, నువ్వూ కూర్చో. టీ తర్వాత పోద్దువుగాని."

డబ్బా మూత బిగుసుకుపోయింది, కేకు కోసిన కత్తి మొనతో లేపాల్సొచ్చింది. ముదురు నీలం ముక్క, అరచేతిలో సగం, రంగు ఏమాత్రం దిగలేదు. బల్ల మీద పెట్టి చెప్పింది, బూట్ల దగ్గర మొదలుపెట్టి, ఎస్తర్ చెప్పినట్టే, కొట్టుకి పోయి ఏమేం కొనాలో చెప్పినట్టే. పదిహేను నెలల సంగతి దగ్గర బెరిల్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది, అది ఏడుపో నవ్వో కాసేపు తెలియలేదు.

"అంటే మీవాళ్ళే ముందు," అంది చివరికి.

"మేమే ముందు," అంది విన్నీ. "అన్నిటిలోనూ అంతే, మీరు ఒప్పుకోరు గాని."

జానెట్ నవ్వలేదు. కూతురి మొహం పెళ్ళినాటి హెరాల్డ్ చెవుల్లా ఎర్రబడింది. "ప్రతి శనివారం అక్కడ నిలబడి చెబుతున్నానమ్మా. పదకొండేళ్ళు. నీకు ఇదంతా తెలిసీ." జానెట్ లేచి కిటికీ దగ్గరికి పోయి, వీపు ఇటు పెట్టి నిలబడింది, ఇందాక విన్నీ నిలబడ్డ చోటే. అటు తిరిగే, "మెట్టుకి మూడు వరసలన్నావు కదూ," అంది. "మూడు వరసలు వేసేది ఎక్కడివాళ్ళో నాకు తెలుసు. ప్రదర్శనశాలలో అలాంటి గాన్సీ ఒకటుంది. ఉత్తరాన, బెరిక్ రేవు దాటాక."

బెరిల్ సంచీలోంచి కళ్ళజోడు తీసింది. ఊలు ముక్కని ముట్టుకోవచ్చా అని అడిగి, చూపుడువేలు అక్షరాల మీద మెల్లగా పోనిచ్చింది, ఆ ఉబ్బులు వేలికి తగులుతుంటే పెదవులు కదిలాయి. సంచీలోంచి కాగితం, పెన్సిలు. ఆమె మొహంలోంచి ఆ మూడు రైళ్ళ అలసట, ఆ దోషం మోసుకొచ్చిన వంగుడు ఎటో పోయాయి, పనిలో దిగిన మనిషి మొహం అది.

"దొరికింది ఏ తారీకు?"

"అక్టోబరు నెలాఖరు. శుక్రవారమని అమ్మమ్మ అనేది."

"మునిగింది దానికి మూడు వారాల ముందు. ఉత్తర దిక్కు పడవ. ఆర్, టి." రాసుకుంది, గుండ్రటి అక్షరాలు. "పేరు దొరికితే రాయి మీది పేరు తీయించొద్దు విన్నీగారూ. మార్పిద్దాం."

విన్నీ టీ పోసింది. ఆనాడు ఏ రేవులో నిలబడి చూసిందో ఆ గాన్సీ అల్లినావిడ, ఆవిడ తర్వాత ఆ మనిషి కోసం చూస్తున్నది ఈ లాంకషైర్ ఆడదే, కేకు ముట్టుకోలేదు, టీ చల్లారిపోతున్నా చూసుకోలేదు. విన్నీ చీజ్ ముక్క తీసి ఆవిడ కేకు మీద పెట్టి పళ్ళెం ముందుకి జరిపింది. ఖాళీ డబ్బా మూత పక్కనే పడి ఉంది, దాన్ని మళ్ళీ పెట్టలేదు.